కంబళివీరుడి రెండో ఆట

గుమ్మడిదుర్గం రాజు పెదవీరపరాయలికి ఏదైనా నచ్చిందంటే అది మళ్లీ కావాలి, ఈసారి ఇంకాస్త పెద్దదిగా కావాలి. మామిడిపండైనా అంతే, బొమ్మలాటైనా అంతే.

పోయిన ఏడాది ఓబులేశు అనే తోలుబొమ్మలాట నాయకుడు కోట ముందు ఒక కొత్త కథ ఆడాడు. ఒక గొర్రెలకాపరి పాత కంబళి భుజాన వేసుకుంటే గాల్లోకి లేచిపోతాడు. ఆపదలో ఉన్నవాళ్లను గట్టెక్కించి మళ్లీ గొర్రెల దగ్గరికి వచ్చేస్తాడు. కథ అంతే. ఊరు మాత్రం వెర్రెత్తిపోయింది. కుర్రాళ్లు ఇళ్లలో కంబళ్లు ఎత్తుకుపోయి గడ్డివాముల మీంచి దూకారు.

"ఓబులేశూ, కంబళివీరుడి రెండో ఆట కట్టు" అన్నాడు రాజు. "బాగుంటే శాలువా, మాన్యం. బాగోకపోతే నీ బొమ్మల పెట్టె ఇక్కడ పెట్టి ఊరు దాటు. ఆఁ, ఇంకొకటి. ఈసారి వీరుడికి మా మీసం పెట్టు."

ఆ పెట్టెలోవి ఓబులేశు తాత చేసిన బొమ్మలు. అది పోతే అతనికీ, భార్య నాగమ్మకూ కూడు లేదు.

సంతలోకి వెళ్తే జనం చుట్టుముట్టారు. వీరుడికి పెళ్లి చెయ్యమని ఒకడు, పెళ్లి చేశావంటే ఊరుకోనని ఇంకొకడు. అంతా కొత్తగా ఉండాలి గానీ ఏమీ మార్చొద్దని అందరూ.

జనంతో ఎలాగో వేగేవాడే. ఇంతలో కోశాధికారి బసవరాజయ్య దిగబడ్డాడు. జనం నాడి తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం. ఆ జనాన్ని పల్లకీ తెర తీసి చూసిన పాపాన మాత్రం పోలేదు.

"కంబళేమిటయ్యా, దరిద్రంగా? భండారంలో పట్టు మూలుగుతోంది, అది కప్పు. మూడో ఆట వీరుడూ, నాలుగో ఆట వీరుడూ ఇందులోనే ఒకసారి కనబడి పోవాలి. అప్పుడు జనం వాళ్ల కోసం కాచుక్కూర్చుంటారు."

"మూడో ఆటకి కథే లేదు కదండీ?"

"కథదేముంది, తర్వాత చూసుకుందాం. ముందు బొమ్మలు కానీ."

దళవాయి చెన్నపనాయుడు తన ఏనుగుల దండు లేకపోతే యుద్ధమే కాదన్నాడు. దీపం వెలుగు పారాలంటే తోలు పల్చగా గీకాలి, దానికి రోజులు పడతాయని ఓబులేశు మొత్తుకున్నాడు. గీకకుండానే కానిమ్మన్నాడు బసవరాజయ్య.

ఓబులేశు తిన్నగా కొమ్మయ్య దగ్గరికి పోయాడు. కొమ్మయ్య రాజుకి తాంబూలం అందించేవాడు. రాజు నోరు పండించడమూ తెలుసు, అవసరమైతే మూయించడమూ తెలుసు.

"రేపు ముందుగా ఒకసారి ఆడి చూపించమన్నారు కొమ్మన్నా. నా పెట్టె పోయినట్టే."

"ఎవరి బొమ్మ వాళ్ల చేతికే ఇచ్చెయ్."

"అంత పెద్దోళ్లు బొమ్మలు పట్టుకుంటారా?"

"పట్టుకునేలా నేను చెప్తాలే."

మర్నాడు మధ్యాహ్నం సభామండపం తలుపులన్నీ మూసి, తెర వెనక దీపాలు వెలిగించారు. కొమ్మయ్య అందరికీ వినబడేలా అడిగాడు: "ప్రభూ, బొమ్మలాటలో ఒక మర్యాద ఉంది. ఫలితం ఏదైనా, బొమ్మ ఆడించిన చేతికే దక్కాలి. తమరికి సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాడు రాజు.

బసవరాజయ్య చెవికి అందులో శాలువా ఒక్కటే వినబడింది. పరుగున తెర వెనక్కి పోయి తన బొమ్మలు లాక్కున్నాడు. దళవాయి ఏనుగుల్ని ఎత్తుకున్నాడు.

ఆట మొదలైంది. తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు. గీకని తోలు వెలుగును మింగేసింది. మధ్యమధ్య ఎవరిదో మోచెయ్యి కనబడుతోంది.

"నాయుడూ, నీ తొండం తియ్యవయ్యా."

"ముందు నీ నాలుగో వీరుణ్ని తియ్యి. వాడికింకా కథే లేదుగా."

రాజు విసుక్కున్నాడు. "అసలు మన వీరుడెక్కడ?"

కొమ్మయ్య తమలపాకు చుడుతూ అన్నాడు:

"ఉన్నాడు ప్రభూ. శ్రేయోభిలాషుల వెనకాల ఉన్నాడు."

రాజుకి నవ్వు రాలేదు. "ఓబులేశూ, పెట్టె అక్కడ పెట్టి ఊరు దాటు" అన్నాడు. నాగమ్మ పెట్టె మీద చెయ్యేసి ఏడ్చేసింది.

"చిత్తం ప్రభూ" అన్నాడు కొమ్మయ్య. "కాకపోతే ఫలితం ఆడించిన చేతికేనని తమరే ఒప్పుకున్నారు. ఓబులేశు చేతిలో ఉన్నది ఒక్క బొమ్మ. అది మనకి కనబడనే లేదు. ఊరు దాటవలసింది దానికి అడ్డుపడ్డ బొమ్మల వాళ్లు కదా?"

తెర వెనక ధబధబమని చప్పుడైంది. రాజు వెళ్లి చూస్తే ఏనుగులు నేల మీద ఉన్నాయి, మూడో వీరుడి మీద నాలుగో వీరుడు పడి ఉన్నాడు. దళవాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బసవరాజయ్య ఎంతో శ్రద్ధగా దీపంలో వత్తి ఎగదోస్తున్నాడు.

రాజు తిరిగొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు తెర మీద పాత కంబళి ఎర్రగా వెలిగింది. వీరుడి మొహం మాత్రం నల్లగానే ఉంది.

"మొహం కనబడదేం?"

"మీసం అడ్డొచ్చింది ప్రభూ" అన్నాడు ఓబులేశు తెర వెనక నుంచి.

"అంత మీసం పెట్టమన్న బుద్ధిమంతుడెవడు?"

కొమ్మయ్య వినయంగా తాంబూలం అందించాడు.

"పేరు చెప్పడానికేం ప్రభూ. కానీ ఆయన కూడా ఊరు దాటితే, రేపణ్నించి నేను తాంబూలం ఎవరికివ్వాలి?"

రాజు చెయ్యి తన మీసం మీదికి పోయింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక మండపమంతా నవ్వింది. రాజే లేచి వెళ్లి బొమ్మ మీసం పీకేశాడు. ఓబులేశుకి శాలువా కప్పి మాన్యం రాయించాడు, కొమ్మయ్యకి తన వేలి ఉంగరం తీసిచ్చాడు.

"నువ్వనుకున్న కథే ఆడు ఓబులేశూ. కానీ జనం ఊరుకుంటారంటావా?"

"ఊరుకోరు ప్రభూ" అన్నాడు కొమ్మయ్య. "అలా ఉండాల్సింది, ఇలా ఉండాల్సిందని ఏడాదంతా పోట్లాడుకుంటారు. వాళ్ల సరదా మనమెందుకు చెడగొట్టాలి?"

ఓబులేశు కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకున్నాడు. వానలో కంబళి తడిసి బరువెక్కిపోయింది. వీరుడు ఎగరలేకపోతున్నాడు. ఏటికి అవతలి ఒడ్డున ఎవరో కాపాడమని పిలుస్తున్నారు. అక్కడ ఓబులేశు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఆగుతావేమయ్యా, తర్వాతేమైంది?" అని ఒక గొంతు కసిరింది.

అందరూ తిరిగి చూశారు. ముందు వరసలో, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు బసవరాజయ్య.