చిరగని ఆకు

ఒక కొండ మీద ఒక విశ్వవిద్యాలయం ఉండేది. దాన్ని ఏలడానికి ఒక పాలకమండలి ఉండేది. మండలిలో ఏడు కుర్చీలు. ఆరింటిలో కొండ కింది నుంచి వచ్చిన పెద్దమనుషులు కూర్చునేవారు. ఏడోది ఉపాధ్యాయులది. అది ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉండేది.

ఎందుకు ఖాళీగా ఉండేదో ఎవరికీ తెలియదు. ఎన్నికలు మాత్రం క్రమం తప్పకుండా జరిగేవి. అభ్యర్థులు నిలబడేవారు, ఉపాధ్యాయులు బారులు తీరి ఓటేసేవారు, చివరికి రిజిస్ట్రారు బయటికొచ్చి ఎవరూ నెగ్గలేదని చెప్పి వెళ్ళిపోయేవారు. ఎందుకని అడగడం తమ చదువుకు చిన్నతనమని ఎవరూ అడిగేవారు కాదు. ఈ సంగతి మీద ఇద్దరు పరిశోధన చేసి డాక్టరేట్లు పుచ్చుకున్నారు. ఆ ఇద్దరి నిర్ధారణలూ ఒకదానికొకటి పొసగవు. అది వేరే సంగతి.

ఏడో కుర్చీ నిండి, అందులో కూర్చున్నవారు సరేననందే మండలి దేన్నీ కట్టడానికి వీల్లేదు, దేన్నీ మూయడానికీ వీల్లేదు. అందువల్ల కొండ మీద సగం లేచిన గోడలు సగంలోనే ఆగిపోయాయి. మూసేద్దామనుకున్న గదులు తెరిచే ఉన్నాయి.

అలా తెరిచి ఉన్న వాటిలో ఒకటి సాయంత్రపు గది. పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేవాళ్ళకు అందులో చదువు చెబుతారు. బస్సులు కడిగేవాళ్ళూ, మిషను కుట్టేవాళ్ళూ, మిర్చియార్డులో కాయలకు తొడిమలు తీసేవాళ్ళూ వస్తారు. ఆ గదికి ఉన్నది ఒకే ఒక్క పంతులమ్మ. ఆమెను అందరూ సాయంత్రం పంతులమ్మ అనే పిలిచేవారు. ఆ గది తీసేసి, వచ్చే పోయే అతిథులకు విశ్రాంతి మందిరం చేయాలని మండలి ఎన్నడో అనుకుంది. కుర్చీ నిండడమే తరువాయి.

ఆ యేడు ఎన్నికకు త్రాసు మాస్టారు నిలబడ్డారు. ఆయన తూకాల శాఖకు పెద్ద. చెడ్డవాడు కాదు. ఏ మాటనైనా ఇటు పెట్టి, అటు పెట్టి, ముల్లు నిలిచేదాకా చూసి గానీ నోరు విప్పరు. కాఫీ తాగుతారా అని అడిగితే, తాగడంలోని మేలూ కీడూ ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయేది.

ఈసారి ఈయన నెగ్గేలా ఉన్నారని పంతులమ్మకు దిగులు పట్టుకుంది. వెళ్ళి ఆయన్నే అడిగింది.

"మాస్టారూ, మీరు నెగ్గితే మా గది మూయొద్దని చెబుతారా?"

"తప్పకుండా పరిశీలిస్తానమ్మా. గది ఉండాలనడానికి కారణాలున్నాయి. ఉండక్కర్లేదనడానికీ ఉన్నాయి."

"మీకేమనిపిస్తోంది?"

"నాకంటూ ఏదో అనిపించడం మొదలైతే ఇక తూకం ఎక్కడుంటుందమ్మా?"

ఆయన అవుననలేదు, కాదనలేదు. కోప్పడదామంటే కోప్పడడానికి ఏ మాటా దొరకలేదు. ఆమె తిరిగొస్తూ దారిలోనే రిజిస్ట్రారు దగ్గర ఆగి, తన పేరు కూడా ఇచ్చేసింది.

ఆ సాయంత్రం గదిలో ఈ కబురు చెబితే అందరికంటే మిర్చియార్డు అక్క ఎక్కువ సంబరపడింది. గదిలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ ఆమె అక్కే. కారానికి మండే చేతుల్ని చల్లటి పలక మీద ఆనించి పాఠం వినేది.

"మీరా కుర్చీలో కూచుంటే ఇంక మా గదికి ఢోకా లేదమ్మా. ఇంకొక్క పరీక్ష గట్టెక్కితే నాకు డిగ్రీ వచ్చిద్ది. గది పోతే మటుకు నేనింక చదవను. ఇంకెక్కడికి పోయి చదివేది?"

"గది ఎక్కడికీ పోదు" అంది పంతులమ్మ. అనేశాక భయమేసింది.

ఆ కొండ మీద ఓటంటే తమలపాకు. ఓటరుకు ఒక ఆకు ఇస్తారు. అభ్యర్థికొక ఇత్తడి బిందె పెడతారు. నచ్చిన బిందెలో ఆకు వేసి వెళ్ళిపోవడమే. పక్కనే బల్లకు ఒక పలక ఆనించి ఉంటుంది. చిరగని ఆకే లెక్కకు వస్తుందని దాని మీద సుద్దతో రాసి ఉంటుంది. ఉపాధ్యాయులు దాన్ని చదవరు. ప్రశ్నపత్రం నెత్తిన సూచనలు రాయడమే గానీ చదవడం వాళ్ళకు అలవాటు లేని పని.

ఎన్నిక రోజు పొద్దున్నే హాల్లో ముందు అభ్యర్థులిద్దరూ మాట్లాడారు. త్రాసు మాస్టారు ఏడో కుర్చీ అనే పదవిని నిర్వచించి, విభజించి, ఉదాహరణలిచ్చి, ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే తిరిగొచ్చి ముగించారు. పంతులమ్మ తన గది గురించి చెప్పింది. మిర్చియార్డు అక్క చేతుల గురించి చెబుతూ మాట తడబడి అక్కడితోనే ముగించింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత బారు కదిలింది. మొదట రాళ్ళ శాఖ మాస్టారు వచ్చారు. పంతులమ్మ అంటే ఆయనకు ఎనలేని గౌరవం. ఆమె బిందె ముందు నిలబడి ఆకును వెలుతురులో పెట్టి చూశారు.

"విషయం గొప్పగా ఉంది" అని పక్కనున్న లెక్కల మాస్టారితో అన్నారు. "ముగింపే కొంచెం తడబడింది." అని ఆకు కొనను గోటితో చిన్నగా గిల్లి, మిగిలిన ఆకు బిందెలో వేశారు.

లెక్కల మాస్టారు కూడా ఆమె మనిషే. మధ్యలో ఒక మెట్టు వదిలేసిందని ఆకు అంచున ఒక పీలిక చింపి వేశారు. తర్వాతి ఆవిడ, ఉపోద్ఘాతం లేదని తొడిమతో పాటు చిటికెడు ఆకు తీసేసింది. త్రాసు మాస్టారి మనుషులు ఆయనకు వేసే ఆకుల్నీ అలాగే దిద్దారు. ఆయనది మరీ పొడుగైందని ఒకరు సగానికి సగం చించారు. ఎవరి మనసులోనూ కపటం లేదు. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ వేళ్ళకు పట్టిన పని అది.

అభ్యర్థులకు కూడా చెరో ఆకు ఇచ్చారు. తన పేపరు తానే దిద్దుకోవడం కొండ మీద పరువు తక్కువ. కనుక ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకుని, ఎదుటివారి బిందెలో వేశారు. త్రాసు మాస్టారు ఆమె బిందెలో వేయబోయే ఆకును చాలాసేపు చేతిలో తిప్పి, ఒక ఆవగింజంత తుంచారు.

లెక్క మొదలైంది. పంతులమ్మ బిందె నిండిపోయి ఉంది. త్రాసు మాస్టారి బిందెలో ఆకులు అడుగును కూడా సరిగా కప్పలేదు. రాళ్ళ మాస్టారు అప్పుడే ఆమెకు శుభాకాంక్షలు చెప్పేశారు. రిజిస్ట్రారు ఒక్కో ఆకూ తీసి చూసి, పెదవి విరిచి, పక్కన పడేస్తూ పోయారు. బిందెలు రెండూ ఖాళీ అయ్యేసరికి ఆయన చేతిలో ఒకటే ఆకు మిగిలింది.

"చిరగనిది ఇదొక్కటే" అన్నారు. "త్రాసు మాస్టారు నెగ్గారు."

హాలంతా గందరగోళమైంది. ఇన్నేళ్ళలో కుర్చీకి మనిషి రావడం అదే మొదలు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. నెగ్గిన మాస్టారికీ తోచక, తనకు తానే సగం చప్పట్లు కొట్టి ఆపేశారు.

రాళ్ళ మాస్టారు పంతులమ్మ దగ్గరకు వచ్చారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"నేను మీకు తొంభై తొమ్మిది వేశానమ్మా. నా సర్వీసులో ఎవరికీ అంత వేయలేదు."

"ఆ ఒక్కటీ ఎందుకు కోశారు మాస్టారూ?"

"నూటికి నూరు ఎవరైనా వేస్తారా అమ్మా?" అన్నారాయన. నిజంగానే అడిగారు.

"వేసినవాడెవడో ఒకడున్నాడుగా" అన్నారు లెక్కల మాస్టారు చిరాకుపడుతూ. "మార్కులు ధారపోసే మనిషి. వాడెవడో తెలిస్తే బాగుండు."

పంతులమ్మ "అది నాదే" అంది.

"మీదా? ఆయనకా? నూటికి నూరా?"

"అడిగినదానికి తప్పుల్లేకుండానే చెప్పారు కదండీ. మా గదిలో సరిగా చెప్పినవాళ్ళకు మార్కు కోస్తే మర్నాడు రారు. అందుకని నాకు కోసే అలవాటు పోయింది."

"అయితే మీ బిందెలోనే వేసుకోవలసింది."

"నా పేపరు నేనే దిద్దుకుంటానా?"

అదీ నిజమేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్కడున్న చదువుకున్నవాళ్ళందరూ కలిసి వెతికినా ఆమె చేసినదాంట్లో తప్పెక్కడుందో దొరకలేదు. తాము చేసినదాంట్లో కూడా దొరకలేదు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎన్నాళ్ళనుంచో పనులు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి మండలి ఆ మధ్యాహ్నమే కూర్చుంది. అధ్యక్షుడు మొదటి అంశం చదివి ఏడో కుర్చీ వైపు తిరిగాడు.

"సాయంత్రపు గది మూయడం మీకు సమ్మతమేనా?"

"ఒక విధంగా చూస్తే అవును" అని మొదలుపెట్టారు త్రాసు మాస్టారు. "మరో విధంగా చూస్తే..."

"అవునన్నారు, రాసుకోండి" అన్నాడు అధ్యక్షుడు, రెండో అంశం తీస్తూ. మాస్టారు రెండో విధం గురించి చాలా బాగా చెప్పారు. అప్పటికి అందరూ సగం గోడల గురించి మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రం పనులు దిగి అందరూ కొండెక్కి వచ్చేసరికి గదికి తాళం వేసి ఉంది. పంతులమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. మిర్చియార్డు అక్క తాళాన్ని చూసింది, ఆమెను చూసింది.

"ఎవరు నెగ్గారమ్మా?"

పంతులమ్మ చాలా మాటలు వెతుక్కుంది. ఏదీ అబద్ధం కాకుండా చెప్పడానికి ఒక్కటే దొరికింది.

"నేను ఓటేసినాయన."

అక్క ముఖం విప్పారింది. "అయితే మనోళ్ళే నెగ్గారు" అని వెనక వస్తున్నవాళ్ళకు వినిపించేలా చెప్పింది. వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నారు. తాళం తీసేవాళ్ళు వస్తుంటారులే అని మెట్ల మీద సర్దుకుని కూర్చుని, వెలుతురు ఉండగానే పుస్తకాలు తెరిచారు. పంతులమ్మకు కూడా కాస్త చోటిచ్చారు.