మూడు పేర్ల చేప

అనగనగా ఒక రేవు. ఆ రేవులో ఒకనాడు, పొద్దు పొడిచి సరిగ్గా మూడు గడియలు గడిచాక, ఓలమ్మ అనే ముసలావిడ గాలం పైకి లాగింది.

గాలానికి ఒక చిన్న చేప ఉంది. చూపుడువేలంత పొడవు. పసుపుపచ్చని ఒళ్లు, వీపు మీద మూడు నల్ల చుక్కలు. పొలుసు లేదు. చర్మం గుమ్మడాకులా గరుకుగా ఉంది. నోరు మరీ చిన్నది, ఎవరి మీదో అలిగినట్టు ముడుచుకుని ఉంది.

ఓలమ్మ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. చెక్కవంతెన మీద గాలాలు వేసుకుని కూర్చున్న నలుగురికీ చూపించింది. ఎవరూ గుర్తుపట్టలేదు. మళ్లీ గాలం వేస్తే అలాంటివే ఇంకో రెండు పడ్డాయి. మూడింటినీ సముద్రపు నీళ్ల కుండలో వేసి, కుండ నెత్తిన పెట్టుకుని కోటకు బయలుదేరింది.

కోటకు ఎందుకంటే, ఆ రాజ్యంలో అలా ఒక ఆజ్ఞ ఉంది. రాజు మహీధరుడికి చేపలంటే ప్రాణం. సముద్రంలో ఉన్న ప్రతి చేపనూ రుచి చూసిన రాజుగా పేరు నిలవాలని ఆయన కోరిక. అప్పటికి రెండు వందల పదకొండు రకాలు అయ్యాయి. అందుకని రేవులో తెలియని చేప ఏది పడినా ప్రాణంతో కోటకు చేరాలి.

కోట వంటింటికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పేరు లేనిది పొయ్యి ఎక్కకూడదు. ఎందుకంటే, వడ్డించేవారు విస్తరి ముందు నిలబడి వంటకం పేరు పైకి చెప్పాకే రాజు అన్నంలో చెయ్యి పెడతాడు. రెండోది, ఏది వండినా, రాజు కంటే ఒక గడియ ముందు వంటవాడు తిని చూపించాలి.

ఆ వంటవాడి పేరు సింగన్న. పద్దెనిమిదేళ్లుగా ముందు తింటున్నాడు, పద్దెనిమిదేళ్లుగా బతికే ఉన్నాడు. అయినా కొత్త చేప వచ్చిందని తెలిస్తే, పొద్దున భార్యతో మాటా మాటా అనుకుని ఉంటే గబగబా ఇంటికి వెళ్లి రాజీపడి వచ్చేవాడు. ఆ రోజూ వెళ్లి వచ్చాడు.

సభలో పేరు పెట్టడానికి ముగ్గురు లేచారు.

మొదటివాడు ఆస్థాన పండితుడు. కుండలోకి వంగి రెక్కలు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలు వచ్చాయి. అందులో పెద్దది తీసుకున్నాడు. ఇది స్వర్ణశఫరి అని, పూర్వం ఉత్తరదేశపు నదుల్లో ఉండేదని చెప్పాడు. నదిలో చేప సముద్రంలోకి ఎలా వచ్చిందని రాజు అడిగితే, ఈదుకుంటూ వచ్చిందన్నాడు.

రెండోవాడు రాజవైద్యుడు. ముక్కు మూసుకుని వాసన చూశాడు. ఇది జ్వరహరి అని, దీని పులుసు రెండు గరిటెలు తాగితే ఎంతటి జ్వరమైనా దిగుతుందని చెప్పాడు.

"ఇప్పటిదాకా ఏ రోగికి వాడారో?" అని పండితుడు సాగదీశాడు.

"మీ శఫరి ఏ నదిలో ఉండేదో చెప్పండి, నేనూ చెబుతాను" అన్నాడు వైద్యుడు.

మూడోవాడు రేవు అధికారి. అతను కుండలోకి చూడనే లేదు, రాజు వైపు చూశాడు. ఆ పసుపు ఏలినవారి బంగారు సింహాసనపు రంగన్నాడు. మూడు చుక్కలూ ఏలినవారి ధైర్యం, దానం, దయ అన్నాడు. ఏలినవారి కాలం వచ్చేదాకా ఈ చేప ఎవరికీ చిక్కకుండా ఆగిందన్నాడు. కాబట్టి దీని పేరు మహీధరమీనం.

రాజు మీసం సవరించుకున్నాడు. పేరు ఖాయమైంది.

అయినా పట్టినావిడను కూడా అడగడం మర్యాద అనుకుని, రాజు ఓలమ్మను ముందుకు పిలిచాడు.

"నువ్వేమంటావు?"

"తెల్దు బాబయ్యా."

"ఎన్నేళ్లుగా చేపలు పడుతున్నావు?"

"యాభై రెండేళ్లు."

"యాభై రెండేళ్లు పట్టి, తెలియదంటావా?"

"పట్టినవి తెలుసు బాబయ్యా. దీన్ని ఇవాళే పట్టాను."

సభ నవ్వింది. ముసలిదానికి చూపు ఆనడం లేదని రేవు అధికారి పక్కవాడితో అందరికీ వినబడేలా అన్నాడు. రాజు కుండను వంటింటికి పంపించాడు.

వంటింటి గడప దగ్గర సింగన్న ఓలమ్మను ఆపాడు.

"అవ్వా, ఇది తినొచ్చా?"

"నీకెందుకు? నువ్వు వండేవాడివే కదా."

"ముందు తినేది కూడా నేనే."

ఓలమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత కుండ అతని ముందుకు జరిపి, లోపల వేలు పెట్టమంది. సింగన్న పెట్టాడు. చేపలు పారిపోలేదు. ఒకటి నెమ్మదిగా వచ్చి వేలి చుట్టూ తిరిగి, పని లేనివాడు సంతలో నడిచినట్టు ఈదుకుంటూ పోయింది.

"చూశావా నాయనా. ఒళ్లంతా పసుపు రంగు, కోసెడు దూరానికి కనబడుతుంది. పరిగెత్తడం రాదు. ముల్లు లేదు, పొలుసు లేదు. సముద్రంలో ఎన్ని పెద్ద నోళ్లు ఉంటాయో నీకు తెలీదు, నాకు తెలుసు. ఇంత తీరిగ్గా తిరిగే పిల్లచేపను అవన్నీ ఎందుకు వదిలేశాయి?"

సింగన్న వేలు బయటికి తీశాడు. దాన్ని మూడుసార్లు కడిగాడు.

కానీ రాజాజ్ఞ రాజాజ్ఞే. అతను ఒక చేపను కోసి, చింతపండు పిసికి, పులుసు పెట్టాడు. మిగతా రెండింటినీ కుండలోనే ఉంచాడు. మధ్యాహ్నం భోజనశాలలో గిన్నె దించేసరికి పులుసు ఘుమఘుమలాడుతోంది. రాజు ముందు మోకరించి, సింగన్న ఒక మనవి చేసుకున్నాడు. ఇది ఏలినవారి పేరున్న చేప. దీన్ని ఒక వంటవాడి నాలుక ముందుగా తాకడం అపచారం. మొదటి ముద్ద పేరు పెట్టినవారికే దక్కాలి.

రాజుకు ఆ మాట నచ్చింది. రేవు అధికారిని పిలిపించాడు.

రేవు అధికారి ఇవాళ తనకు ఉపవాసమని చెప్పాడు.

"పొద్దున సభలో జంతికలు నములుతున్నావు కదా" అన్నాడు రాజు.

"అప్పటికింకా మొదలు కాలేదు, మహారాజా."

రాజు పండితుణ్ణి పిలిపించాడు. పండితుడు తాను పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదని, తన జ్ఞానమంతా కంటిదే కాని నాలుకది కాదని విన్నవించుకున్నాడు.

ఇక వైద్యుడి వంతు. ఇది జ్వరం ఉన్నవారు తాగవలసిందని, తనకు జ్వరం లేదని ఆయన చెప్పాడు. రాజు లేచి వైద్యుడి నుదుటి మీద చెయ్యి వేశాడు.

"వేడిగానే ఉందే."

"అది జ్వరం కాదు మహారాజా, కంగారు" అన్నాడు వైద్యుడు. ఆ రోజు ఆయన చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

 రాజు గిన్నె వైపు చూశాడు. గిన్నెను రెండు వేళ్లతో పక్కకు జరిపాడు. తన పేరున్నదాన్ని తానే తినడం బాగుండదన్నాడు. ఆ పూట వంకాయ కూరతో భోజనం ముగించాడు. వంకాయ అంటే ఏమిటో అందరికీ తెలుసు.

చెయ్యి కడుక్కున్నాక సింగన్నను పిలిచి, ఈ ఆలోచన నీకు ఎవరిచ్చారని అడిగాడు. సింగన్న గడప దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాజు ఓలమ్మకు కబురు పెట్టాడు. ఆవిడ వచ్చింది.

"ఇంత అనుమానం ఉన్నదానివి, సభలో నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు పేరు అడిగారు బాబయ్యా. తినొచ్చా అని ఈ అబ్బాయి ఒక్కడే అడిగాడు."

 ఆ సాయంత్రమే వంటింటి కట్టుబాటు ఒకటి మారింది. పేరు లేనిది పొయ్యి ఎక్కకూడదన్న చోట, తెలియనిది పొయ్యి ఎక్కకూడదని రాయించాడు. పులుసును కోట వెనుక లోతుగా గొయ్యి తీసి పూడ్చారు. మిగిలిన రెండు చేపలనూ కుండతో సహా రేవులో ఉంచి, వచ్చే పోయే ఓడలవారికి చూపించమన్నారు.

పిల్లలూ, పదకొండు రోజుల తర్వాత తూర్పు దీవుల నుంచి ఒక ఓడ వచ్చింది. ఆ ఓడ నడిపే ముసలి సరంగు కుండలోకి ఒక్కసారి తొంగిచూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. తమ దీవిలో దీన్ని ఎండబెట్టి పొడి కొట్టి ధాన్యం కొట్లలో చల్లుతారని, ఒక్క చేపతో నలభై ఎలుకలు చస్తాయని చెప్పాడు. దాని పేరేమిటని అడిగితే, పేరు లేదన్నాడు. దాన్ని చూసినవారు అడ్డంగా తల ఊపుతారట, అంతే.

పేరు పెట్టినంత మాత్రాన తెలిసినట్టు కాదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పేవారే నలుగురి ప్రాణం కాపాడతారు.