హజరత్ పేరుతో వేసిన తాళం

మౌలాలికి ఆ వారమంతా ఒకచోట కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నమాజులో వంగినప్పుడు కూడా మనసు జేబులోని ఫోను మీదే ఉండేది.

అతను సూఫీ గురువు హజరత్ అమానుల్లా షా శిష్యుడు. నంద్యాల దారిలో నాపరాళ్ల గనులు దాటాక హజరత్ ఉండే చిన్న ఖాన్‌ఖా ఉంది. ప్రార్థనకైనా భోజనానికైనా ఎవరు వచ్చినా తలుపు తీసి ఉండే చోటు అది. అక్కడి కంప్యూటర్ పనంతా మౌలాలిదే. దూరాన ఉన్న శిష్యులకు హజరత్ మాటలు మెయిల్లో పంపడం, వెబ్‌సైట్ చూసుకోవడం, కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. హజరత్ పేరు.

తేలిగ్గా గుర్తుంటుందని పెట్టింది కాదు. అమాన్ అంటే రక్షణ. ఆ పేరు వాకిట్లో ఉండగా లోపలికి ఎవడు రాగలడని అతని నమ్మకం. టైపు చేసిన ప్రతిసారీ ఒక జపం చేసినట్టే ఉండేది. తన తాళాలన్నిటికీ హజరత్ పేరే చెవి అని కనిపించినవాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

ఒక శుక్రవారం పొద్దున ఎవరో ఆ మెయిల్లోకి దూరారు. హజరత్ కన్నుమూశారనీ, సాయంత్రమే ఖననమనీ శిష్యులందరికీ కబురు పంపారు.

మధ్యాహ్నానికల్లా డోన్ నుంచి, ఆదోని నుంచి జనం దిగడం మొదలైంది. ఖాసింబీ అనే ముసలామె సమాధి మీద కప్పే పూలచాదర్ ఒళ్లో పెట్టుకుని బస్సులో దారంతా ఏడుస్తూ వచ్చింది. వచ్చేసరికి హజరత్ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆమె ఆయన్ని చూసి గడపలోనే కూలబడిపోయింది. హజరత్ లేచి మంచినీళ్లు తాగించారు. ఆ చాదర్ తీసుకుని తన భుజాల మీద కప్పుకుని, చల్లగా ఉందన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఖాసింబీ మాత్రం సాయంత్రం దాకా ఆ చాదర్ అంచు రెండు చేతులా పట్టుకునే కూర్చుంది. మౌలాలి ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు.

జనం పల్చబడ్డాక హజరత్ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మీ పేరే పెట్టాను హజరత్. అంతకంటే గట్టి తాళం ఉండదనుకున్నాను."

"నా పేరు ఊరందరికీ తెలుసు కదా మౌలాలీ."

అంతే అన్నారు. మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నారు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడేమో.

మర్నాడు పద్మజ వచ్చింది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే ఆమె ఖాన్‌ఖాకు ఎప్పటినుంచో వస్తూ పోతూ ఉంది. పోయిన మెయిల్‌ను తిరిగి రాబట్టి, ఫోనులో ఒక పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టింది. ఒక్కో చోటికి ఒక్కో పాస్‌వర్డ్ అదే పుట్టిస్తుందనీ, అదే దాచి, కావలసినప్పుడు అదే నింపుతుందనీ చెప్పింది. ఏ భాషలోనూ అర్థంలేని అక్షరాల గుంపులు అవి. వాటిని మౌలాలి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ అవన్నీ దాచిన ఆ పెట్టెను తెరిచే మాట ఒక్కటి అతనే ఆలోచించుకోవాలి. అది అతనొక్కడికే తెలియాలి. మరిచిపోతే దాన్ని తయారుచేసినవాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు.

"పొడుగ్గా, ఎవరి ఊహకీ అందనిది పెట్టన్నా. అది పెట్టేదాకా మెయిల్ నుంచి ఏమీ పంపొద్దు. వాడు మళ్లీ దూరతాడు," అని చెప్పి వెళ్లింది.

ఆ ఒక్క మాట దగ్గర మౌలాలి ఆగిపోయాడు. హజరత్ పుట్టిన ఊరు టైపు చేసి చెరిపేశాడు. హజరత్ తల్లి పేరు టైపు చేసి చెరిపేశాడు. హజరత్ తనకు మొదట నేర్పిన వాక్యం కూడా అంతే. ఏది తలుచుకున్నా అది హజరత్‌దే. అవన్నీ తనే రాసి వెబ్‌సైట్‌లో పెట్టాడు. అవి పక్కన పెడితే చేతికి ఏమీ తగలడం లేదు.

ఆ కబురు అబద్ధమని మెయిల్ పంపాలన్నా ముందు ఆ మాట కావాలి. ఈలోగా సంగతి తెలియనివాళ్లు ఏడుస్తూ వస్తూనే ఉన్నారు. గేటు దగ్గర ఏడుపు వినపడినప్పుడల్లా ఫోను తీసేవాడు. తెర మీద ఖాళీ గడి అలాగే ఉండేది. అన్నం దిగేది కాదు. గనుల దాకా నడిచి, ఎందుకు వచ్చాడో తెలియక తిరిగి వచ్చేవాడు.

చివరికి హజరత్ దగ్గరికే వెళ్లాడు.

"నన్ను శిష్యుడిగా తీసుకున్న రోజు నా చెవిలో ఒక నామం చెప్పారు. ఇప్పుడూ మీరే ఒక మాట చెప్పండి హజరత్. చచ్చేదాకా మరిచిపోను."

హజరత్ అతన్ని దగ్గరికి రమ్మని సైగ చేశారు. మౌలాలి మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గాడు. ఆయన గడ్డం చెంపకు తగిలింది. అత్తరు వాసన వచ్చింది. కళ్లు మూసుకుని ఎదురుచూశాడు.

హజరత్ ఏమీ అనలేదు.

ఊపిరి ఒకటే వినిపిస్తోంది. మౌలాలి లోపల తెలిసిన పేర్లూ వాక్యాలూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఇదేనేమో అనుకున్నాడు, అదేనేమో అనుకున్నాడు. మోకాళ్లు నొప్పి పుట్టాయి. హజరత్ కదల్లేదు. కాసేపటికి ఆ తోపులాట అలసిపోయినట్టు తగ్గింది. ఇంకా కాసేపటికి, ఎవరితోనూ ఎన్నడూ అనని, అనాలని కూడా తోచని తన చిన్నప్పటి సంగతి ఒకటి మెల్లగా పైకి వచ్చి నిలబడింది.

అతను తల ఎత్తాడు. ఆ వారంలో మొదటిసారి అతని చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

"దొరికిందా?" అన్నారు హజరత్.

"దొరికింది హజరత్. అది..."

హజరత్ అరచేత్తో అతని నోరు మూశారు.

"నాక్కూడా చెప్పొద్దు."