దిగిపోయిన పంచమం

దాలినాయుడు ఎర్నమ్మని పాఠానికి రావద్దన్నాడు. అన్నాడేగాని, ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ఆమె చేసిన తప్పల్లా ఉన్నమాట చెప్పడమే. అదీ పదిమందిలో, గురువుగారి మొహం మీదే.

కూర్మనాథంగారి వీణ బడిలో ఒక పద్ధతి ఉంది. అక్కడ శ్రుతిపెట్టె మోగదు. పొద్దున్నే గురువుగారు తమ వీణ శ్రుతి చేసుకుంటారు. దాన్నిబట్టి పన్నెండుమంది శిష్యులూ తమ తీగలు కలుపుకుంటారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఆయన చెవి మీద చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అంత గురి.

ఆ చెవికిప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఆరు నెలల కిందట ఆయన వీణ మీద పంచమం తీగ వెంట్రుకవాసి దిగింది. పంచమం కదలకూడని స్వరం. అది దిగితే పాటంతా కుంటుతుంది. పెద్ద శిష్యుడు దాలినాయుడికి ఆ పూటే తెలిసింది. తెలిసి ఏం చేశాడు? తన వీణ బిరడా తిప్పి, తన పంచమాన్నీ సరిగ్గా అంతే దించుకున్నాడు. గురువుగారి చెవిని శంకించడమా, కళ్ళు పోవూ! అతన్ని చూసి మిగతావాళ్ళూ దించుకున్నారు. చోద్యం చూడండి, పన్నెండు వీణలూ ఆరు నెలలపాటు భక్తిగా అపశ్రుతి పలికాయి.

ఎర్నమ్మ వీణలు చెక్కేవాళ్ళ కోడలు. పనస మొద్దులు తొలిచి తొలిచి ఆమె అరచేతులు కాయలు కాచాయి. నాలుగు మైళ్ళు నడిచి పాఠానికి వచ్చేది. బడిలో చేరి ఇంకా వారమైనా కాలేదు.

"గురువుగారూ, పంచమం దిగిపోనాది" అనేసింది.

గురువుగారు నోరు తెరవబోయేలోపే దాలినాయుడు అందుకుని, "కొత్తమ్మాయి, తెలీదు లెండి" అని పాఠం మొదలెట్టించాడు. పాఠమయ్యాక ఆమెని వీధిగుమ్మం దగ్గర ఆపాడు.

"నీకు చెవులున్నాయిగాని బుద్ధి లేదు. రేపట్నించి రాకు."

"నాకు ఇనపడింది సెప్పాను" అంది ఎర్నమ్మ, అతని కళ్ళలోకి చూస్తూ. "మీకు ఇనపడలేదేటి?"

"పొమ్మంటే పో" అన్నాడు.

మర్నాడు గురువుగారు అడిగారు. "ఆ అమ్మాయేదిరా?"

"ఇంట్లో పనుందట. మానేసింది గురువుగారూ."

ఆ తర్వాతి రోజు శిష్యులంతా కూర్చున్నాక, గురువుగారు వాళ్ళ కళ్ళెదుటే పంచమం బిరడా పట్టుకుని ఒక చుట్టు వెనక్కి తిప్పారు. తీగ వేలాడింది. మీటితే పప్పు ఉడికినట్టు బుడబుడమంది.

"కలపండి" అన్నారు.

పన్నెండు బిరడాలు కిర్రుమన్నాయి. పన్నెండు తీగలూ వేలాడాయి.

"ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది గురువుగారూ" అన్నాడొకడు. పాపం, వేళాకోళానికి కాదు.

"నాయుడూ, నువ్వు చెప్పు."

"బాగాలేదు గురువుగారూ."

"ఇది చెవిటివాడికైనా తెలుస్తుంది. నేనడిగేది మొన్నటి సంగతి. ఆ అమ్మాయి చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు నెలలు."

ఆయన చెయ్యి వీణ మీద అలాగే ఉండిపోయింది. ఆరు నెలలు! ఈలోగా రెండు పెళ్ళిళ్ళలో వాయించారు, దేవుడి కల్యాణంలో వాయించారు. విన్నవాళ్ళంతా చేతులు జోడించారు.

"మీ మీద గౌరవంతో..." అని నసిగాడు దాలినాయుడు.

"గౌరవమా!" ముసలాయన గొంతుకి ఇల్లు అదిరింది. "నేను ఏట్లో మునిగిపోతుంటే, పెద్దవారు కదా ఎలా కేకేస్తామని గట్టుమీద నిలబడి దండం పెట్టావురా! చెవి పోయిందంటే వయసు పోయింది, పోనీ. నలభై ఏళ్ళు నేను చెప్పిన చదువేమైందిరా?"

ఆయన తమ వీణని దాలినాయుడి వైపు జరిపారు.

"వీణ ఎత్తు. ఆ అమ్మాయి ఇంటికి దారి చూపించు."

"శిష్యురాలి గుమ్మానికి తమరు వెళ్ళడమేమిటి గురువుగారూ? నలుగురూ నవ్వుతారు" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నవ్వనీ. ఆరు నెలల కిందటే నవ్వి ఉంటే బాగుపడేవాణ్ణి" అని ఆయన కర్ర అందుకున్నారు.

నాలుగు మైళ్ళూ ఎండలోనే నడిచారు. వీణ మోస్తున్న దాలినాయుడికి భుజం నొప్పి తెలియలేదు. ఆమె మొహం ఎలా చూడాలా అన్నదే బెంగ.

ఎర్నమ్మ పాకలో పనస కర్ర చెక్కుతోంది. ఆమె మామ కంగారుపడి లోపల్నించి కుర్చీ తెచ్చాడు. గురువుగారు దానిలో కూర్చోలేదు. చెక్కుపేళ్ళ మధ్యే చతికిలబడి, వీణ ఆమె ముందు పెట్టించారు.

"నా చెవి పనిచెయ్యడం లేదు తల్లీ. కలిపి పెట్టు."

ఎర్నమ్మ దాలినాయుడి వంక చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని బిరడా పట్టుకుంది. తిప్పింది, మీటింది, మళ్ళీ తిప్పింది.

"అయిందా?" అన్నారు గురువుగారు.

"ఇంకా లేదు. కూసింత ఆగండి."

మామ గుండెలు బాదుకున్నంత పని చేశాడు. ఆమె లెక్కచెయ్యలేదు. మరొక్కసారి మీటింది.

దాలినాయుడి ఒళ్ళు జలదరించింది. ఆరు నెలలుగా వినని పంచమం అది. దానికోసం తన ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

గురువుగారికి ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఏమీ వినపడలేదు. ఆయన తీగని చూడటం మానేసి, శిష్యుడి మొహం చూస్తూ కూర్చున్నారు.

"కలిసిందన్నమాట" అన్నారు నెమ్మదిగా.

దాలినాయుడు ఎర్నమ్మ ముందు చేతులు జోడించాడు. "నువ్వడిగిన దానికి ఆవేళ జవాబు చెప్పలేదమ్మా. నాకూ వినపడింది. రేపు పాఠానికి రా."

"వస్తాను. మళ్ళీ తప్పు ఇనపడితే మళ్ళీ సెప్తాను" అంది ఎర్నమ్మ. "మీరు పొమ్మన్నా పోను."

గురువుగారు కర్ర ఊతంగా లేచి, పంచెకంటిన చెక్కుపేళ్ళు దులుపుకున్నారు.

"చెప్పు తల్లీ. చెప్పని రోజున మాత్రం మా గడప తొక్కకు."