కామేశ్వరిగారి కెమెరా

వఝల అనసూయమ్మగారి తండ్రిగారు తెనాలిలో టైపు నేర్పే సంస్థను నడిపినవారు. రుసుము ఇచ్చుకోలేని ఆడపిల్లలకు ఉచితంగా నేర్పి, పరీక్షకు తామే వెంటబెట్టుకొని వెళ్లినవారు. మేనత్త సీతారత్నమ్మగారు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేస్తూ, వరదనాడు అయినవారి కబురు తెలియక అల్లాడేవారి కోసం ఇల్లు మరచి స్విచ్‌బోర్డు ముందే కూర్చున్నవారు. ఆ ఇంట పుట్టిన అనసూయమ్మగారు విజయవాడలోని ఒక బీమా సంస్థలో డెస్క్‌టాప్ సపోర్టు విభాగానికి పెద్ద. ఉద్యోగుల బల్లల దగ్గరకే వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం ఆ విభాగం పని. ఎవరు ఏమి అడిగినా బదులు చెప్పక, "పద, చూద్దాం" అని లేవడం ఆమె అలవాటు.

అదే సంస్థ హెల్ప్ డెస్కులో ఫోనుమీద ఫిర్యాదులు వినే ఇందుమతి ఆ విభాగంలోకి మారాలని చాలాకాలంగా ఆశపడుతున్నది. ఉన్నది ఒకే ఖాళీ. అది ఎవరికన్నది అనసూయమ్మగారు ఆ సాయంత్రమే చెప్పవలసి ఉన్నది.

"అమ్మగారూ, ఇన్నాళ్లూ నేను ఫోనులో చెబితే వాళ్లు చేశారు. ఇకమీదట నేనే వెళ్లి చేస్తాను. అంతకుమించి ఇందులో నేర్చుకోవలసినది ఏముందండీ?" అని ఇందుమతి అడిగింది.

"పద, చూద్దాం. ఇవాళ నీ చేతిలో తేలని ఫిర్యాదు ఏదైనా ఉందా?"

ఉన్నది. పై అంతస్తులోని కామేశ్వరిగారి ల్యాప్‌టాప్ కెమెరా దసరా సెలవుల తరువాతనుంచి పనిచేయడం లేదు. ఇందుమతి ఉదయం ఫోనులో అడగవలసినవన్నీ అడిగింది. "కెమెరాకు ఏమైనా అడ్డుగా ఉందా అండీ?" అన్న ప్రశ్నకు, "అడ్డేముంటుందమ్మా, ఏమీ లేదు" అని ఆవిడ స్పష్టంగా చెప్పారు. కెమెరాయే చెడిపోయిందని ఇందుమతి తేల్చేసింది.

ఇద్దరూ మెట్లెక్కి వెళ్లారు. అనసూయమ్మగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఇందుమతి బల్లకు ఇవతల నిలబడి, ల్యాప్‌టాప్ వీపు చూస్తూ, "మీ తెరమీద ఏమి కనిపిస్తోందండీ?" అని మర్యాదగా అడిగింది.

కామేశ్వరిగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఇంతదూరం వచ్చినదానివి, ఇటువైపు వచ్చి చూడకూడదటే? ఫోను ఇంకా చెవిలోనే ఉందా నీకు?"

పక్క బల్లలవాళ్లు నవ్వారు. ఇందుమతి ముఖం ఎర్రబడింది. కుర్చీ పక్కకు వెళ్లి చూసింది. తెరకు పైన, సరిగ్గా నడుమ, కెమెరా కన్నుమీద ఆయుధపూజనాటి గంధమూ కుంకుమా గుండ్రంగా, శ్రద్ధగా పెట్టి ఉన్నాయి.

"ఇదేనండీ అడ్డు!" అంటూ బొటనవేలితో తుడవబోయింది. కామేశ్వరిగారు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"అది బొట్టమ్మా! బొట్టు అడ్డమెలా అవుతుంది? తల్లికి నుదుట పెట్టినట్టు పెట్టుకున్నాను, నువ్వు వచ్చీ రావడంతోనే చెరిపేస్తావా?"

ఇందుమతి చెయ్యి గాలిలోనే ఆగింది. ఉదయం ఆవిడ అబద్ధం చెప్పలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది, వింతగానూ తోచింది. ఆ బొట్టును ఇంకొకసారి, ఈసారి ఆవిడ చూసినట్టు చూడబోయింది.

"నిజమేనండీ, ఆ బొట్టు వెనక ఈ తల్లికి కన్ను కూడా ఉందని మీకెవరూ చెప్పలేదు," అన్నది మెల్లగా. "మీ చేత్తోనే కాస్త పైకి జరపగలరా?"

కామేశ్వరిగారు చేతిరుమాలు తడిపి కెమెరా కన్ను తుడిచారు. ల్యాప్‌టాప్ మూత వెనక కొత్తగా బొట్టు పెట్టారు. తెరమీద తమ ముఖం ప్రత్యక్షమయ్యేసరికి, "అయ్యో, ఈ జుట్టేమిటి ఇలా ఉంది! ఎవరూ చెప్పరేమే?" అని జడ సవరించుకున్నారు.

మెట్లు దిగుతూ ఇందుమతి, "నేను అడిగిన తీరే తప్పా అండీ?" అన్నది.

అనసూయమ్మగారు తమ గదిలోకి వెళ్లి, బీరువా తెరచి, పనిముట్ల సంచి ఒకటి తీసి ఆమెకు అందించారు. అందులో స్క్రూడ్రైవర్లు, ఒక వైరు, చిన్న టార్చిలైటు, తుడవడానికి మెత్తని గుడ్డ ఉన్నాయి. ఖాళీ ఎవరిదన్నదానికి ఆమె ఇచ్చిన జవాబు ఆ సంచే.

"ఇందాక నీ చెయ్యి ఎప్పుడు ఆగింది?" అని అడిగారు.

"ఆవిడ పట్టుకున్నాకండీ."

"రేపటినుంచి, పట్టుకోకముందే ఆగనీ."