అలసటమ్మ పీట మీద కాఫీ గింజ

ఒకప్పుడు కాఫీ గింజను పట్టించుకున్నవాళ్లే లేరు. పిట్టలు ఎర్రటి పండు తినేసి, గింజను తుపుక్కున ఉమ్మేసేవి.

ఆ రోజుల్లో కొండల మీద అలసటమ్మదే పెత్తనం. ఎవరు పరుగెత్తినా వెనకాలే వచ్చి, భుజం మీద చతికిలబడి, "చాల్లే తల్లీ, కూకో" అని చెవిలో చెప్పేది. మనిషైనా దుప్పైనా అక్కడే కూలబడాలి. చెడ్డదేం కాదు పాపం. ఆమె లేకపోతే మనం ఎప్పుడు ఆగుతాం?

ఓ కొండ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. తొలకరి మబ్బు కనబడగానే ఒకరు శిఖరం దాకా పరుగెత్తి దాన్ని పిలవాలి. పిలవకపోతే మబ్బు ఆగదు. కిందటేడు వెళ్లినవాడు సగం దారిలోనే కూలబడ్డాడు. ఊరంతా పస్తులుంది. ఈసారీ వాన పడకపోతే ఊరు ఖాళీ చేయాల్సిందే. ఈసారి వంతు బుద్రి అనే పిల్లది.

దారిలో నమలడానికి బుద్రి వాళ్లవ్వ చిక్కుడు గింజలు వేయించింది. చిక్కుడు గింజలే అనుకుంది! చూపు ఆనక, వాకిట్లో పిట్టలు ఉమ్మినవి ఏరి పెనం మీద వేసింది.

బుద్రి పరుగెడుతూ ఓ గింజ నోట్లో వేసుకుంది. "ఛీ, చేదు!"

"ఉమ్మకే బుద్రీ!" గింజ బతిమాలింది. "అందరూ ఉమ్మేసేవోళ్లే. నువ్వైనా మింగవే."

బుద్రికి జాలేసింది. కళ్లు మూసుకుని మింగేసింది.

కాసేపటికి అలసటమ్మ రొప్పుతూ వచ్చింది. చూస్తే బుద్రి భుజం మీద, ఆమె మింగిన గింజే కూర్చుని కాళ్లు ఊపుతోంది!

"ఎవుడ్రా నా పీట మీద?"

"ఖాళీగుంటే కూకున్నానవ్వా."

"లెగు!"

"కాసేపాగు. నాకెవులైనా ఎప్పుడైనా చోటిచ్చారేటి?"

వాళ్ల వాదన తెగలేదు. చెవిలో "చాల్లే" అనేవాళ్లు లేక బుద్రి పరుగు ఆగలేదు. శిఖరం ఎక్కి రెండు చేతులూ చాచింది. "మబ్బు మావా! మా చోడి చేలల్లో కురిసి ఎల్లు!"

మబ్బు పకపకా నవ్వింది. వాన దబదబా కురిసింది. కింద ఊరంతా బురదలో గంతులేసింది. బుద్రి వాళ్లవ్వ కూడా!

అప్పుడు గింజ మర్యాదగా లేచింది. అలసటమ్మ రెట్టింపు బరువుతో కూర్చుంది. బుద్రి వానలోనే హాయిగా గుర్రు పెట్టింది.

అప్పటినుంచే కాఫీ తాగి పరుగెత్తేవాళ్లు ఇంకాస్త దూరం వెళ్లగలుగుతున్నారు. అలసటమ్మ మాత్రం ఎక్కడికీ పోదు, పక్కనే నిలబడి ఉంటుంది. మరీ ఎక్కువ తాగారో, గింజలన్నీ ఒకే పీట కోసం తోసుకుంటాయి. గుండె దడదడలాడేది అందుకే!