తాత దగ్గర మిల్లు నేర్చిన బుర్రావారు

పేరయ్య, సూరయ్య, చిట్టెయ్య బుర్రావారి అన్నదమ్ములు. పనివాళ్ళకి పాఠాలు రాసిపెట్టడం వాళ్ళ వృత్తి. "మేం రాస్తే గొడ్డుకైనా పని వచ్చేస్తుంది" అని ముగ్గురికీ మహా గొప్ప. ఆ గొడ్డు ఏ ఊళ్ళో ఉందో నన్నడక్కండి.

ఓసారి రైసుమిల్లు నరసమ్మగారు వాళ్ళని పిలిపించారు. మిల్లు నడిపే గవర్రాజు తాతకి మనవరాలు పుట్టింది. పిల్లని చూడ్డానికి రాజమండ్రి పోవాలని తాత గోల. కొత్తవాళ్ళకి పాఠం రాయిస్తేగానీ కదలనివ్వనని ఆవిడ పట్టు.

"నేనేం చేస్తే అది రాసుకోండి నాయనా, ఒక్కటీ వదలొద్దు" అన్నాడు తాత.

అంతే. తాత తుమ్మాడు, రాశారు. మెడమీద కుట్టిన దోమని చరిచాడు, రాశారు. మీట నొక్కాడు, అదీ రాశారు. ఆయన మోటారు మీద చెయ్యేసి, "వేడెక్కిందో లేదో ఈ చేతికే తెలుస్తుంది" అన్నాడు. ముగ్గురూ గుసగుసలాడుకున్నారు.

"అయితే ఆ చెయ్యి ఇక్కడ పెట్టి వెళ్ళు తాతా" అన్నాడు పేరయ్య.

"మరి నేను అన్నం ఎలా తినేది?"

"మనవరాలు పుట్టిందిగా, తినిపిస్తుంది" అన్నాడు చిట్టెయ్య.

తాత చెయ్యి వెనక్కి లాక్కుని, వాళ్ళకో దణ్ణం పెట్టి బస్సుకి పోయాడు.

ఇంకేముంది, కొత్తవాళ్ళకి పాఠం మొదలైంది. అందరూ ముక్కుపొడుం పీల్చి తుమ్మారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత దోమ కుట్టాలి. మిట్టమధ్యాహ్నం దోమ ఎక్కణ్ణించి వస్తుంది? ఒకడు విసిగిపోయి మీట మీదికి చెయ్యి చాపితే, సూరయ్య ఆ చేతిమీద ఒక్కటిచ్చాడు.

"దోమ కుట్టకుండానే నొక్కేస్తావా? తాత కంటే నీకెక్కువ తెలుసా?"

అంతే, దోమల్ని పట్టుకురావడానికి మిల్లు మిల్లంతా మురిక్కాలవకి కదిలింది. నరసమ్మగారు తలపట్టుకు కూర్చున్నారు.

బస్సెక్కిన తాతకి మిల్లు చప్పుడు వినపడలేదు. ప్రాణం ఒప్పక దిగేసి, పరుగున వచ్చి మీట నొక్కాడు. మిల్లు తిరిగింది.

బుర్రావారు మొహమొహాలు చూసుకున్నారు. తుమ్ము లేదు, దోమ లేదు, అయినా తిరిగిందే.

"ఓరి, అసలు సంగతి వదిలేశాం. ముందు బస్సెక్కాలి, తర్వాత దిగి పరుగెత్తాలి" అన్నాడు పేరయ్య. పాఠం మొదట్లో అదే చేర్చారు.

మర్నాడు తాత మూట పట్టుకుని మళ్ళీ బస్సు దగ్గరికి వెళ్ళాడు. లోపల బుర్రావారూ, కొత్తవాళ్ళూ కిక్కిరిసి కూర్చున్నారు. కాలు పెట్టడానికి చోటు లేదు. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది. పాపం, తాత రోడ్డుమీదే ఉండిపోయాడు.

పేరయ్య కిటికీలోంచి తల బయటపెట్టి కోప్పడ్డాడు.

"నువ్వెక్కకపోతే ఎలా తాతా? ఎక్కడ దిగాలో మాకెవరు చూపిస్తారు?"